పొడుగు ఇంచుల స్కేలు

2011 సెప్టెంబరు. చందానగర్‌లో మేము కిరాయికి ఉంటున్న ఇంటి కింద, కారు పెట్టుకోవడానికని కట్టిన గది ఒకటి ఉండేది. మాకు కారు లేదు. ఆ గదిలో ఒక సి.ఎన్.సి. రౌటరూ, దాని పక్కన చిన్న లేతూ పెట్టుకుని, లోకంలో ఇక నేను చెయ్యలేని వస్తువు లేదన్న ధీమాతో ఉండేదాన్ని. ఆ ధీమా ఎలా వదిలిందో, వదిలించినవాళ్ల మేలు ఇన్నేళ్లయినా ఎందుకు మరిచిపోలేకపోతున్నానో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది తణుకు వైపు. మెకానికల్ చదివి మాదాపూర్‌లో ఒక డిజైన్ ఆఫీసులో ఆరేళ్లు కంప్యూటరు మీద బొమ్మలు గీశాను. నేను గీసినదాన్ని ఎవరో, ఎక్కడో తయారుచేసేవారు. ఒక్కదాన్ని కూడా చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ఆ వెలితి లోపల తొలుస్తూనే ఉండేది. చివరికి ఉద్యోగం మానేసి మిషన్లు తెప్పించుకున్నాను. మా ఆయన "నీకు తిక్క ముదిరింది" అన్నాడు. అని, మళ్లీ తనే సెలవు పెట్టి పెట్టెలు దింపించాడు.

రౌటర్ అంటే బల్ల మీద బిగించిన చెక్క కదలకుండా ఉంటే, పైన గిరగిరా తిరిగే కట్టర్ మూడు దిక్కులా కదులుతూ దాన్ని చెక్కే యంత్రం. లేత్‌లో దీనికి తిరగేసి ఉంటుంది వ్యవహారం. చెక్క తిరుగుతుంది, ఉలి నిలబడి కోస్తుంది. గుండ్రటివన్నీ లేత్ మీద, మిగతావి రౌటర్ మీద. రెండింటినీ నడిపేది కంప్యూటరే కాబట్టి కంప్యూటరు తెలిసినదాన్ని నాకేం భయమనుకున్నాను. నా మొహం! బల్ల మట్టం కుదరడానికే వారం పట్టింది. మొదటి నెలలో కట్టర్లు ఎన్ని విరిచానో మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. చెక్క పైతలం ఎక్కడుందో మిషన్‌కి చూపించడాన్ని జీరో పెట్టడం అంటారు. ఓ రోజు అది మరిచిపోయి మీట నొక్కాను. కట్టర్ చెక్కని దాటుకుని బల్లలోకి దిగిపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

యాదగిరి గారు ఆ రోజుల్లోనే పరిచయమయ్యారు. పక్క గల్లీలో ఉండేవారు, అరవై దాటిన మనిషి. ఒక రోజు గది ముందు ఆగిపోయి, లోపలికి తొంగి చూశారు.

"ఏంది బిడ్డా, నీ మిషిని గట్ల ఏడుస్తున్నది?"

"అది మామూలు శబ్దమేనండి."

"మామూలు గాదు. ఉలి కోస్తలేదు, ఉత్తగ రాసుకుంటున్నది. జర ఉర్కించు దాన్ని."

నాకు ఒళ్లు మండింది. అయినా ఆయన వెళ్లేదాకా ఆగి, చెక్క మీద కట్టర్ నడిచే వేగాన్ని కాస్త పెంచి చూశాను. ఏడుపు ఆగింది. పిండిలా రాలుతున్న పొట్టు చక్కటి పలుకులుగా పడటం మొదలెట్టింది. మర్నాడు ఆయన కనబడగానే కుర్చీ వేశాను.

ఆయన బాలానగర్‌లో ఒక ఫౌండ్రీలో ముప్పై ఏళ్లు ప్యాటర్న్ మేకర్‌గా చేశారు. ఇనుప వస్తువు ఏదైనా పోత పోయాలంటే ముందు అదే ఆకారంలో చెక్కతో ఒక నమూనా చేస్తారు. అదే ప్యాటర్న్. దాన్ని ఇసుకలో కూరి, మెల్లగా పైకి తీస్తే గుంట మిగులుతుంది. కరిగిన ఇనుము ఆ గుంటలో పోస్తారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన పని మానుకున్నారు. నేను బాబాయి గారూ అని పిలిస్తే నవ్వేవారు. "మా దిక్కు కాక అంటరు బిడ్డా. అయినా నీ ఇష్టం, పిలిస్తె పలుకుత."

ఆ సెప్టెంబరులోనే తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బళ్లు మూసేశారు, బొగ్గు గనులు ఆగడంతో కరెంటు కోతలు మొదలయ్యాయి. నా మాట వినగానే కూరగాయలమ్మే ఆమె కూడా "ఆంధ్రానా మేడం?" అనేది. అని, కొత్తిమీర కొసరు మాత్రం మామూలుగానే వేసేది. నేను మాత్రం బయటికి వెళ్తే నోరు దగ్గర పెట్టుకుని ఉండేదాన్ని.

అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం ట్రాలీ ఆటో ఒకటి వచ్చి గది ముందు ఆగింది. కొంగు నడుముకి దోపుకున్న ఒకావిడ దిగి, గోనెసంచి ఒకటి తనే ఎత్తి లోపలికి తెచ్చింది. సంచిలో మూడు ముక్కలైన ఇనుప పళ్లెం ఉంది. పేరు బాలమణి. పుప్పాలగూడ పాత ఊళ్లో గిర్ని నడుపుతుందట. గిర్ని అంటే పిండి మర. యాదగిరి గారిని వెతుక్కుంటూ ఇంటికి వెళ్తే ఇక్కడున్నారని చెప్పారట.

"యాదగిరన్నా, ఎన్కట మా మామకు గిర్ని సామాను నువ్వే జేసిచ్చినవట. గీ పళ్లెం మల్ల జెయ్యాలె."

ఆయన రెండు చేతులూ ముందుకు చాపారు. వేళ్లు వణుకుతున్నాయి. "వీటితోనా చెల్లె?" అని, నా వైపు తిరిగారు. "ఈ బిడ్డ జేస్తది. మిషిని ఉన్నది."

గిర్నిలో తిరిగే రాయిని పట్టి ఉంచేది ఆ పళ్లెమే. దాని అంచు లోపల రాయి సరిగ్గా కూర్చోవాలి, వెనక బోల్టులు రంధ్రాలకి సరిపోవాలి. మర చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ సైజు బజార్లో దొరకదు.

"కొత్త మర కొనుక్కోకూడదా అండి?" అన్నాను.

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసింది. "నాకు గంత టైము లేదు మేడం. పుప్పాలగూడల ఇప్పుడు జాగ అంటే ఏందో మీకు తెల్సు. గిర్ని జాగ బిల్డరుకు ఇద్దామని మా మరిది. ఇయ్యనని నేను. పెద్దమనుషుల్ల కూసున్నం. దసరానాడు గిర్ని నడుస్తుంటే జాగ నాదే, నడవకపోతె సంతకం పెట్టాలె అన్నరు. నేను సరే అన్న. అన్న మూడోనాడే గిది పలిగింది." పగిలిన ముక్కల మీద చెయ్యి పెట్టి, "మా ఇంటాయన పోయినంక పన్నెండేండ్ల సంది నన్ను సాదింది అదే మేడం" అంది.

యాదగిరి గారు తను పనిచేసిన ఫౌండ్రీకి ఫోను చేశారు. బొగ్గు అయిపోవస్తోందట. శుక్రవారం పొద్దున ఒక్కసారి కొలిమి పెడతారట, ఆ తర్వాత దసరా దాటేదాకా బంద్. గురువారం సాయంత్రం ఆరింటికల్లా ప్యాటర్న్ చేతిలో పడితేనే పోస్తామన్నారు.

ఆయన ఇంటికి వెళ్లి టేకు పలక ఒకటి తెచ్చారు. పదేళ్లుగా అటక మీద దాచుకున్న చెక్క, ఎండి ఎండి గట్టి శబ్దం చేస్తోంది. అంచులు నిటారుగా చెక్కొద్దనీ, కొంచెం ఏటవాలుగా ఉంటేనే ప్యాటర్న్ ఇసుకని చెదరగొట్టకుండా పైకి వస్తుందనీ కాగితం మీద గీసి చూపించారు. తర్వాత సంగారెడ్డిలో కూతురు పిలిచిందని ఎవరి బండి మీదో వెళ్లారు. వెళ్లినవారు వెళ్లినట్టే చిక్కుబడిపోయారు. బస్సుల్లేవు.

నాకేం, కొలతలు నేనే తీసుకున్నాను. మూడు ముక్కలూ కలిపిపెట్టి, నా డిజిటల్ వెర్నియర్‌తో మిల్లీమీటర్లో వందో వంతు దాకా కొలిచాను. కోతల మధ్య కరెంటు ఉన్నంతసేపూ రౌటర్ మీద పళ్లెం చెక్కి, లేత్ మీద దాని మధ్యలో ఉండే బుడిపె తీసి, రెండూ బిగించాను. బుధవారానికి అయిపోయింది. పాత పళ్లెం పక్కన పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. ఆ పూట నా అంతటిదాన్ని నేనే. మా ఆయన్ని కిందికి లాక్కొచ్చి మరీ చూపించాను.

గురువారం పొద్దున ఎనిమిదింటికి యాదగిరి గారు ఒక పాల వ్యాను ఎక్కి వచ్చారు. ప్యాటర్న్‌ని అటూ ఇటూ తిప్పారు, అంచు మీద వేలు రాశారు, "మంచిగ వచ్చింది" అన్నారు. జేబులోంచి నల్లబడ్డ ఇనుప స్కేలు తీసి పెట్టి చూశారు. మళ్లీ పెట్టి చూశారు.

"తక్కువున్నది బిడ్డా."

"ఉండదండి. నేను వెర్నియర్‌తో కొలిచాను."

"ఎంత కలిపినవ్?"

"కలపడమేమిటండి?"

ఆయన తన స్కేలు బల్ల మీద పెట్టారు. నేను వెళ్లి నా స్టీలు స్కేలు తెచ్చి, ఆయన స్కేలు పక్కన ఆనించాను. మొదటి ఇంచు దగ్గర రెండు గీతలూ కలిసినట్టే ఉన్నాయి. పన్నెండు దగ్గరికి వచ్చేసరికి ఆయనది నా దానికన్నా ముందుకి పోయింది. నాకు నవ్వాగలేదు.

"బాబాయి గారూ, మీ స్కేలే తప్పండి! ముప్పై ఏళ్లు దీంతోనే కొలిచారా?"

"తప్పు గాదు బిడ్డా," అన్నారు ఆయన, పిల్లకి అన్నం కలిపి పెట్టినంత నెమ్మదిగా. "ఇనుము కాగినప్పుడు ఉబ్బుతది, సల్లారితె దగ్గరికొస్తది. అడుగుకు ఒక సూతు. ఆ సూతు ముందుగాలనే కలిపి గీసిన స్కేలు గిది. మా ప్యాటర్నోళ్లకే ఉంటది. ఉత్త కొలతకు జేస్తె సరిపోయేటట్టయితే, పలిగిన ముక్కలే అతికిచ్చి ఇసుకల పెడుతుంటిమి గద?"

సూతు అంటే ఇంచులో ఎనిమిదో వంతు. ఆ పళ్లెం పదహారు ఇంచులు. అంటే నా ప్యాటర్న్‌తో పోసిన పళ్లెంలో నాలుగు మిల్లీమీటర్లు తరుగు. రాయి లోపలికే దిగదు. బోల్టులు ఒక్కటీ కలవవు. చల్లారితే లోహం తగ్గుతుందని నాకు తెలియక కాదు. కాలేజీలో ఐదు మార్కుల ప్రశ్న అది. శుభ్రంగా బొమ్మ గీసి, ఐదుకి ఐదూ తెచ్చుకున్నాను. మార్కులు తెచ్చుకుని, విషయాన్ని అక్కడే వదిలేసి వచ్చాను.

అంచుకి బద్ద అతికిద్దామా అన్నాను. గాడి, రంధ్రాలు అన్నీ జరగాలి, కుదరదన్నారు. వేరే చెక్క లేదు. కలప అడితీలు బంద్. ఆయన పదేళ్లు దాచుకున్న పలకని నాలుగు రోజుల్లో తగలేశానని నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం దాని మాటే ఎత్తలేదు.

పది గంటలకి బాలమణి ప్యాటర్న్ తీసుకెళ్లడానికి ట్రాలీ ఆటోలో వచ్చింది. తప్పంతా నాదేనని చెప్పాను. నాలుగు తిడుతుందనుకున్నాను. ఆవిడ అడిగింది ఒకటే.

"చెక్క ఉంటే అయితదా?"

"అవుతుందండి. కానీ పాత టేకు కావాలి, బాగా ఎండింది. ఇంత వెడల్పుండాలి."

కొంగుతో వెడల్పు కొలుచుకుని మళ్లీ ఆటో ఎక్కింది. పన్నెండున్నరకి తిరిగొచ్చింది. ఆటోలో ఒక తలుపు రెక్క పడుకోబెట్టి ఉంది. పసుపు రాసిన ఆనవాళ్లు ఇంకా దాని మీదున్నాయి.

"ఇదెక్కడిదండీ?"

"గిర్నిదే. నడవని గిర్నికి తలుపెందుకు మేడం? కొయ్యుండ్రి."

యాదగిరి గారు ఆ రెక్క మీద తట్టి విన్నారు. నేను అయస్కాంతం పట్టుకుని మేకుల కోసం వెతికాను, ఒక్క మేకు మిగిలినా కట్టర్ ఎగిరిపోతుంది. పదకొండు మేకులు తీశాం. బొమ్మలో కొలతలన్నీ ఈసారి ఆయన స్కేలు ప్రకారం పెంచాను. జీరో రెండుసార్లు సరిచూసుకుని మీట నొక్కాను. కట్టర్ పాడుతూ పోయింది. రెండున్నర అయ్యేసరికి పళ్లెం తయారు. తలుపు రెక్క మీది పసుపు వెనకవైపు ఒక మూల అలాగే ఉండిపోయింది.

ఇక మిగిలింది మధ్యలో బుడిపె. లేత్ మీద అరగంట పని. చెక్క బిగించి, ఉలి తగిలించానో లేదో, కరెంటు పోయింది. ఆ వేళకి కోత లేదు. చెప్పకుండా తీసేశారు. బ్యాటరీ కంప్యూటరుని బతికిస్తుంది గాని లేత్‌ని తిప్పలేదు. ఫోను చేస్తే ఎప్పుడొస్తుందో మాకే తెలియదన్నారు.

పొద్దుటినుంచీ బిగబట్టుకున్నదంతా అప్పుడు బయటపడింది. "అంతా మీ సమ్మె చలవేగా! బొగ్గు తవ్వం, కరెంటు ఇవ్వం అని కూర్చున్నది మీవాళ్లే. ఇప్పుడు గిర్ని గిర్ని అంటే నేనేం చెయ్యను?" అనేశాను. అన్నాక నా మాట నాకే చెవుల్లో గుచ్చుకుంది.

బాలమణి కోప్పడలేదు. "నిజమే మేడం. మొన్న రోడ్డు మీద వంటావార్పుకు పిండి పట్టిచ్చింది నేనే. ఆ పిండి పట్టినంకనే పళ్లెం పలిగింది. అదీ నాదే, గిర్నీ నాదే. రెండిట్ల ఒకటి ఇడిసిపెట్టుమంటే ఏది ఇడువను?" ఆవిడ బల్ల మీది పళ్లెం మీద చెయ్యి వేసింది. "నన్ను పన్నెండేండ్లు సాదిన దాన్ని ఇడవాల్నా, నా పోరగాండ్లకు కావాల్సిన దాన్ని ఇడవాల్నా, మీరే చెప్పుండ్రి."

"తప్పయిందండీ, నోరు జారాను" అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

యాదగిరి గారు మా ఇద్దరినీ వదిలేసి లేత్ చుట్టూ తిరుగుతున్నారు. "మోటరు బెల్టు ఊడదియ్ బిడ్డా," అన్నారు. "మా నాయిన కాలంల మోటరు ఎక్కడిది? ఒకలు తాడు గుంజుతుంటిరి, ఒకలు ఉలి పడుతుంటిరి."

బట్టలారేసే తాడు విప్పుకొచ్చాను. లేత్ కప్పీకి రెండు చుట్లు చుట్టి, రెండు కొసలూ బాలమణి చేతికిచ్చారు. ఆవిడ కాళ్లు ఎడంగా నిలదొక్కుకుని ఒక కొస లాగింది. చెక్క తిరిగింది. రెండో కొస లాగితే వెనక్కి తిరిగింది. గోధుమ మూటలెత్తిన చేతులవి, లాగిందంటే ఒకే ఊపు.

"ఉలి నువ్వు పట్టు బిడ్డా."

"నాకు రాదండి. నేను ఎప్పుడూ చేత్తో..."

"నాకు అచ్చేది గాని చేతులు ఇంటలెవ్వు. నీకు చేతులున్నయి, నేను చెప్త. దిక్కు చూసుకో. నీ వైపు తిరిగినప్పుడే తగిలియ్యి, ఎనక్కి తిరిగినప్పుడు తియ్యి. కండ్లతోని గాదు, చప్పుడు ఇను."

మొదటి నాలుగు ఊపులూ చెక్కని పొడిచాను. ఆయన "ఏడుస్తున్నది" అన్నారు. ఉలి కొంచెం వాల్చాను. "ఇంక ఏడుస్తున్నది." ఇంకొంచెం వాల్చాను. అప్పుడు గొంతు మారింది. కట్టర్ పలుకులు రాల్చేటప్పుడు వచ్చే ఆ శబ్దమే, కాకపోతే నా మణికట్టులోకి నేరుగా వచ్చింది. "ఆఁ, గదీ!" అన్నారు ఆయన. బాలమణి చెమట కొంగుతో తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. ప్రతి పది ఊపులకీ యాదగిరి గారు తన స్కేలు పెట్టి కొలిచేవారు. అరగంట పని గంటన్నర పట్టింది. బుడిపెని స్క్రూలతో బిగించి, నూనెగుడ్డతో తుడిచి, ఐదుంబావుకి బాలమణి ఆటోలో పెట్టాం. ఆరుకి ఐదు నిమిషాలుందనగా ఫౌండ్రీ నుంచి ఫోను వచ్చింది, ముట్టిందని. కరెంటు ఏడింటికి వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత పుప్పాలగూడ వెళ్లాం. పోత పోసి, మధ్య రంధ్రం తొలిపించిన పళ్లెం అప్పటికే గిర్నిలో ఉంది. గుమ్మానికి ఒకటే రెక్క. ఇంకో రెక్క ఉండాల్సిన చోట బాలమణి మరిది నిలబడి ఉన్నాడు. ఇద్దరు మనుషులు రాయి ఎత్తి పళ్లెంలో పెట్టారు. ఒక్క క్షణం అంచు మీద ఆగింది. యాదగిరి గారు అరచేత్తో మెల్లగా ఒత్తారు. రాయి దిగి కూర్చుంది. బోల్టులన్నీ వాటి రంధ్రాల్లోకి వేళ్లతోనే దూరాయి. ఆయన నా వైపు చూడలేదు. నేనే ఆయన్ని చూస్తూ నిలబడిపోయాను.

బెల్టు వేసి మీట నొక్కితే గిర్ని లేచింది. బాలమణి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. మరిది ఇంట్లోకి వెళ్లి గోధుమల సంచి ఒకటి భుజాన వేసుకొచ్చి, గిర్ని ముందు దించాడు.

"వదినా, ముందుగాల నాది పట్టు. పండుగకు పిండి లేదు" అన్నాడు.

దసరా సాయంత్రం బాలమణీ, యాదగిరి గారూ మా ఇంటికి వచ్చారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అని చెప్పుకోవడం ఇక్కడి పద్ధతి. నాకది తెలియక ఆకు పట్టుకుని తెల్లమొహం వేస్తే బాలమణి నవ్వి నన్ను కావలించుకుంది. జొన్నపిండి మూట ఒకటి తెచ్చింది. యాదగిరి గారు నా చేతిలో జమ్మి పెట్టారు, దాని మీద ఆ నల్ల స్కేలు పెట్టారు.

"మీకు కావాలి కదండీ," అన్నాను.

"నేనేం జేసుకుంట? నీ మిషినికి ఇదొక్కటె తక్కువున్నది."

కాళ్లకి దణ్ణం పెట్టాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. మాట్లాడి ఉండను.

తర్వాత ఆ గదిలో చాలా పనులు చేశాను, ఇంకా చేస్తున్నాను. గిర్నికి రెండో రెక్క నేనే చేసిచ్చాను, రౌటర్ మీద. రాష్ట్రం వచ్చిన రోజున బాలమణి ఫోను చేసి, "మేడం, మీరు యాడికీ పోవద్దు, గిర్ని సామాను ఎవలు జేస్తరు?" అంది. యాదగిరి గారు పోయి నాలుగేళ్లయింది. ఆయనకి నేను చెప్పవలసినంత చెప్పలేదన్న బాధ ఉండిపోయింది. ఇప్పుడు చెబుతున్నాను: బాబాయి గారూ, నేను కొలతలు తీయడం కాలేజీలో నేర్చుకున్నాను. ఎంత కలపాలో మీ దగ్గర నేర్చుకున్నాను.

మిషన్ నేర్చుకుంటామని ఈ మధ్య ఐటీ వాళ్లు చాలామంది వస్తున్నారు. అందరూ తెలివైనవాళ్లే. గోడకి తగిలించిన నల్ల స్కేలు తీసుకుని దేన్నో కొలుస్తారు. తమ స్కేలుతో పోల్చి చూస్తారు. నవ్వాపుకోలేక నా దగ్గరికి వస్తారు.

"మేడం, ఈ స్కేలు తప్పండి!"

నేను వాళ్లకి కుర్చీ వేస్తాను.